సిడ్నీనా, మెల్బోర్నా? టికెట్ తీయకముందే చూస్కోవాల్సిన లెక్కలు

మా చిన్నాయన కొడుకు మొన్న చండూరు నుంచి ఫోన్ చేసిండు. అన్నా, నాకు, మీ మరదలికి ఇద్దరికీ వీసా వచ్చింది, ఇగ సిడ్నీకి టికెట్ తీస్కోవాల్నా మెల్బోర్న్ కు తీస్కోవాల్నా నువ్వే చెప్పు అన్నడు. హైదరాబాద్ల ఒక కన్సల్టెన్సీ ఆయనను అడిగితే రెండూ ఒక్కటే సార్ ఎక్కడైనా దిగుండ్రి అన్నడంట. రెండూ ఒక్కటి కాదు. నేను 2016ల సిడ్నీల దిగి మూడేండ్లు ఉన్న, 2019ల మెల్బోర్న్ కు మారిన, ఇప్పటికీ ఇక్కడనే ఉన్న, రెండు ఊర్లల్ల కిరాయి కట్టినోన్ని కాబట్టి వానికి ఫోన్ల చెప్పిందే ఇక్కడ కూడ రాస్తున్న, నల్లగొండ పాలమూరు దిక్కు నుంచి వచ్చేటోళ్లకు పనికొస్తదని.

మా ఇండ్లల్ల ఈ ముచ్చట కొత్తది కాదు. మా తాతల కాలంల మగ్గం మీద కడుపు నిండక మా దిక్కు పద్మశాలోళ్లు చానమంది భీవండికి, షోలాపూర్ కు పోయిండ్రు. మా తాత భీవండి పోయిండు, ఆయన తమ్ముడు షోలాపూర్ పోయిండు. భీవండిల సాంచెల (కరెంటు మగ్గాల) మీద కూలి ఎక్కువ, కానీ ఒక్క రూంల పది మంది షిఫ్టుల లెక్క పండుకునేటోళ్లు, ఒకరు లేస్తె ఇంకొకరు. షోలాపూర్ల కూలి తక్కువైనా పెండ్లాం పిల్లలను తీస్కపోయి సంసారం పెట్టేటట్టు ఉండేది. ఎవరన్న కొత్తగ బయల్దేరుతుంటె మా తాత మూడే అడిగేటోడు: అక్కడ మనోళ్లు ఎవరున్నరు, కూలి ఎంత, కిరాయి ఎంత. ఆస్ట్రేలియాకైనా నేను గదే లెక్క వేస్త. వీడియోలల్ల చూపించే ఆపెరా హౌస్, బీచులు, ట్రాములు తర్వాత.

అన్నిటికంటె ముందు వీసా సంగతి ఒకటి. మీది 189 నంబర్ స్కిల్డ్ వీసా (చదువు, పని చూసి ఇచ్చేది) అయితే దేశంల ఎక్కడైనా దిగొచ్చు. 190 అయితే మీకు నామినేషన్ ఇచ్చిన స్టేట్ల ఉంటమని మాట ఇచ్చినట్టు. న్యూ సౌత్ వేల్స్ ఇస్తే సిడ్నీ దిక్కు, విక్టోరియా ఇస్తే మెల్బోర్న్ దిక్కు, ఇంక ఈ పంచాయితీ మీకు లేదు. 491 అయితే సిడ్నీ, మెల్బోర్న్ రెండూ లెక్కకు రావు, అది రీజనల్ వీసా, అంటే పెద్ద ఊర్ల బయట ఉండాల్సింది. స్టూడెంట్ వీసా అయితే మీ కాలేజ్ ఏ ఊర్ల ఉంటె గదే మీ ఊరు, అందుకే ఊరు సంగతి కాలేజ్ అప్లికేషన్ పెట్టే ముందే ఆలోచించాలె, ఆఫర్ లెటర్ వచ్చినంక కాదు.

ఇగ కిరాయి. ఇక్కడ కిరాయి వారానికి చెప్తరు. మనకు నెలకు చెప్పుడు అలవాటు కాబట్టి మొదట్ల ఆ నంబర్ చిన్నగనే అనిపిస్తది. సిడ్నీల, మెల్బోర్న్ల ఒకే తీరు ఇంటికి వారానికి దగ్గర దగ్గర 150 నుంచి 200 డాలర్ల తేడా ఉంటది, సిడ్నీ ఎక్కువ. దాన్ని 52తోటి గుణిస్తె ఏడాదికి 8 వేల నుంచి 10 వేల డాలర్లు. ఇంటికాడ 30 లక్షల లోన్ 11 శాతం వడ్డీకి తెచ్చుకుంటే ఒక్క వడ్డీనే నెలకు 27,500 రూపాయలు, అంటే 500 డాలర్ల లోపలనే, ఏడాదికి 6 వేల లోపల. చూసిండ్రా, రెండు ఊర్ల కిరాయిల తేడాతోనే నల్లగొండ బ్యాంకుల ఉన్న లోన్ వడ్డీ మొత్తం కట్టి ఇంకా మిగుల్తది. నా కండ్లు తెరిపించింది ఈ లెక్కనే, సిడ్నీల మూడేండ్లు ఉన్నంక కాయితం మీద వేసి చూసిన, ముందే వేస్తె బాగుండు.

కిరాయి ఇల్లు దొరకపట్టుడు కూడ ఒక పరీక్షనే. 2018ల సిడ్నీల వెంట్‌వర్త్‌విల్ల రెండు బెడ్రూంల యూనిట్ (ఫ్లాట్) చూడనీకి పోయినం. శనివారం పొద్దుగాల 10:15 నుంచి 10:30 దాక, పదిహేను నిమిషాలే తలుపు తెరుస్తరు. మేము పది గంటలకే పోతె అప్పటికే మెట్ల మీద నుంచి గేటు దాక లైన్ ఉంది, ముప్పై మందికి తక్కువ లేరు, సగం మంది మనోళ్లే, ఒకామె సంకల పసిపిల్ల. లోపలికి పోయి మా సోపతిగాడు రెండు చేతులు చాపి గోడ కొలిచిండు, మంచం పడ్తదా లేదా అని, అంతల్నే టైం అయిపోయింది. అట్ల పదకొండు ఇండ్లకు అప్లికేషన్ పెట్టినం. కొత్తగ వచ్చినోళ్లకు ఈ దేశంల కిరాయి కట్టిన చరిత్ర ఉండదు, అందుకే ఎనుకకు వడ్తం. ఆఫర్ లెటర్, బ్యాంక్ స్టేట్‌మెంట్, హైదరాబాద్ల ఇంటి ఓనర్ రాసిచ్చిన ఉత్తరం, ఇవన్నీ ముందే ఒక ఫైల్ల పెట్టుకోండ్రి, ఇల్లు చూసిన గంటలోపల అప్లికేషన్ పోవాలె. మెల్బోర్న్ల కూడ లైన్ ఉంటది గానీ పడమటి దిక్కు కొత్త కాలనీలల్ల ఇండ్లు ఎక్కువ, మాకు మూడో అప్లికేషన్ కే తాళం చేతికొచ్చింది.

బాండ్ అంటే మన అడ్వాన్స్. న్యూ సౌత్ వేల్స్ల నాలుగు వారాల కిరాయి కంటె ఎక్కువ తీస్కోవద్దు, విక్టోరియాల మామూలు ఇండ్లకు ఒక నెల. రెండు దిక్కులా ఆ పైసలు ఓనర్ జేబుల ఉండవు, గవర్నమెంట్ అథారిటీ కాడ జమ అయితయి, మీకు రసీదు వస్తది. ఆ రసీదు రాలేదంటె అడగాలె. నేను సిడ్నీకి వచ్చిన కొత్తల హారిస్ పార్క్ల షేరింగ్ రూం తీస్కున్న, ఇల్లు మెయిన్‌గ కిరాయికి తీస్కున్నాయన మనోడే, 400 డాలర్లు బాండ్ అని నగదు తీస్కున్నడు, నేను ఖాళీ చేసేటప్పుడు ఇయ్యలేదు, రాసిచ్చిన కాయితం లేకపాయె, ఏం చేయలేకపోయిన. మనోడే కదా అని కాయితం అడగకుండ ఉండకుండ్రి. అడిగితే మంచోళ్లు ఎవరూ కోపం చేయరు.

పని సంగతి చూస్తె సిడ్నీ పెద్దన్న. బ్యాంకులు, ఇన్సూరెన్స్, పెద్ద ఐటీ కంపెనీలు అక్కడ ఎక్కువ. కామన్‌వెల్త్, వెస్ట్‌ప్యాక్ బ్యాంకుల హెడ్డాఫీసులు అక్కడనే, అట్లాసియన్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ పుట్టింది అక్కడనే, కాన్వా హెడ్డాఫీసు కూడ అక్కడనే. బ్యాంకింగ్ డొమైన్ల ఏడెనిమిదేండ్ల ఎక్స్‌పీరియన్స్ ఉండి, ఒంటరిగ ఉండి, జీతం బేరం చేసే ధైర్యం ఉంటె నేను సిడ్నీ పొమ్మనే చెప్త, కిరాయి తేడా జీతంల వస్తది. మెల్బోర్న్ల కూడ ఏఎన్‌జెడ్, ఎన్‌ఏబీ బ్యాంకులున్నయి, టెల్‌స్ట్రా ఉంది, ఐటీ తక్కువేం కాదు, కానీ ఓపెనింగ్స్ సిడ్నీల జర ఎక్కువ కనిపిస్తయి. నర్సులకు రెండు దిక్కులా పని ఉంటది, వెస్ట్‌మీడ్ల పెద్ద హాస్పిటల్ ఉంది, మెల్బోర్న్ల పార్క్‌విల్ చుట్టూ హాస్పిటళ్లే, మా దిక్కు సన్‌షైన్ హాస్పిటల్. ఒక నర్సుకు ఇంతమంది పేషెంట్లే అని 2015ల చట్టం తెచ్చింది మాత్రం విక్టోరియా, ఆస్ట్రేలియాల మొదలు తెచ్చింది గదే. మా మరదలు నర్సే, ఆమెకు ఈ ఒక్క ముచ్చట చెప్తె సగం మనసు ఇటు తిరిగింది.

స్టూడెంట్లకు, కొత్తగ దిగి చేతుల పని లేనోళ్లకు ఇంకో లెక్క. మొదటి ఆరు నెలలు మన చదువుకు తగ్గ ఉద్యోగం రాకపోవచ్చు, వేర్‌హౌస్ పనో, షాపుల పనో చేస్తరు, అందుల సిగ్గేం లేదు. స్టూడెంట్ వీసాకు రెండు వారాలకు 48 గంటలే పర్మిషన్, అంటే వారానికి 24. 2025 జూలై నుంచి కనీస కూలి గంటకు 24.95 డాలర్లు, క్యాజువల్ పని (పిలిచినప్పుడే పోయే పని) అయితే మీద 25 శాతం కలిసి 31 డాలర్లు దాటుతది. ఎవరన్న 15 ఇస్త, చేతికే ఇస్త అంటె అది చట్టం కాదు, మనోళ్ల షాపైనా సరే. మెల్బోర్న్ల ట్రుగనీనా, లావర్టన్, డెరిమట్ దిక్కు వరుసగ గోదాములే, మనోళ్లు ఎక్కువుండే టార్నీట్ నుంచి కార్ల పది ఇరవై నిమిషాలు. సిడ్నీల గోదాములు ఈస్టర్న్ క్రీక్, ఎర్స్‌కిన్ పార్క్ దిక్కు ఉంటయి, హారిస్ పార్క్ నుంచి కారు లేకుండ పొద్దుగాల నాలుగు గంటల షిఫ్ట్ కు పోవుడు చాన కష్టం, నేను చేసిన కాబట్టి చెప్తున్న.

మనోళ్లు ఎవరున్నరు అంటె, రెండు దిక్కులా ఉన్నరు. సిడ్నీల హారిస్ పార్క్, పర్రమట్టా, వెంట్‌వర్త్‌విల్, ఇంకా బయటికి పోతె స్కోఫీల్డ్స్, మార్స్‌డెన్ పార్క్. హారిస్ పార్క్ల విగ్రమ్ స్ట్రీట్ల నిలవడితే అమీర్‌పేటల నిలవడ్డట్టే, దోశ వాసన, చాట్ బండి లెక్క షాపులు, రాత్రి పదకొండు దాక జనం. మెల్బోర్న్ల టార్నీట్, ట్రుగనీనా, పాయింట్ కుక్, ఉత్తరానికి క్రేగీబర్న్, యూనివర్సిటీ కోసం వచ్చినోళ్లు క్లేటన్. 2021 సెన్సస్ల ఇండియాల పుట్టినోళ్లు అన్నిటికంటె ఎక్కువున్న స్టేట్ విక్టోరియానే. గుడికి సిడ్నీల హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి ఉంది, అడవి నడుమ గుట్టల మీద, పోతె మనసు నిమ్మళం అయితది, మన యాదగిరిగుట్టకు పొద్దుగాల పోయినట్టు. మెల్బోర్న్ల క్యారమ్ డౌన్స్ల శివ విష్ణు గుడి, కాకపోతె టార్నీట్ నుంచి ఊరు ఆ చివరికి, గంట పైన పడ్తది. బతుకమ్మ రెండు ఊర్లల్ల బాగనే ఆడ్తరు. తంగేడు, గునుగు మాత్రం దొరకయి. మా ఆవిడ మొదటేడు మార్కెట్ల పసుపు పూలు, తెల్లవి తెచ్చి పేర్చింది, పేర్చుకుంట పేర్చుకుంట చేతులాగినయి, తంగేడు వాసన లేదని. ఇంటి నుంచి పూలు, విత్తనాలు తెచ్చుకుందమనుకోకుండ్రి, ఎయిర్‌పోర్టుల బయోసెక్యూరిటీ చాన కట్టుదిట్టం, తినేది ఏదున్నా, పచ్చడి సీసా అయినా సరే దిగేటప్పుడు నింపే కార్డు మీద ఉంది అని టిక్ పెట్టాలె, చెప్పకుండ దొరికితేనే ఫైన్.

తిరుగుడు. సిడ్నీల ఓపల్ కార్డు (ట్రైన్, బస్సు టికెట్ కార్డు), పెద్దోళ్లకు వారానికి 50 డాలర్లు దాటితే ఇగ కట్ కాదు. ట్రైన్లు బాగుంటయి, 2019ల టాలవాంగ్ నుంచి మెట్రో మొదలైంది, 2024 ఆగస్టుల హార్బర్ కింద నుంచి సిటీ దాటి సిడెన్‌హామ్ దాక పోయింది, డ్రైవర్ ఉండడు, నాలుగైదు నిమిషాలకు ఒకటి. కారుల పోతె మాత్రం టోల్ రోడ్లు ఎన్నో, ఎమ్2, ఎమ్4, ఎమ్5, ఎమ్7, హార్బర్ బ్రిడ్జ్, బిల్లు వచ్చినప్పుడే తెలుస్తది. మెల్బోర్న్ల మైకీ కార్డు, సిటీ నడుమ ట్రాం ఫ్రీ, ట్రాం లైన్లు 250 కిలోమీటర్లు, ప్రపంచంలనే పెద్దది. కానీ మనోళ్లు ఉండేది ట్రాం రాని కాడ. టార్నీట్ స్టేషన్ 2015ల తెరిచిండ్రు, సిటీకి అరగంట, అయితే అది మెల్బోర్న్ పక్కనున్న జీలాంగ్ ఊరి నుంచి వచ్చే వి-లైన్ ట్రైన్, పొద్దుగాల మన కాడికి వచ్చేసరికి నిండుతది, నిలవడి పోవుడే. స్టేషన్ పార్కింగ్ పొద్దుగాలనే నిండుతది. రోడ్లు కూడ ఇండ్లు కట్టినంత జల్ది కట్టలేదు, సాయంత్రం స్టేషన్ నుంచి నాలుగు కిలోమీటర్లకు అరగంట పట్టిన రోజులున్నయి. మెల్బోర్న్ పడమటి దిక్కు తక్కువ కిరాయికి మనం కట్టే అసలు ధర ఇదే, ఇది దాచి చెప్పుడు నాకు ఇష్టం లేదు.

ఆ జీలాంగ్ ట్రైన్ తోటి ఒక లాభం కూడ ఉంది. జీలాంగ్ రీజనల్ కింద వస్తది. పీఆర్ (ఈ దేశంల శాశ్వతంగ ఉండే హక్కు) కు కనీసం 65 పాయింట్లు కావాలె, అప్లై చేస్కొమ్మని గవర్నమెంట్ ఇచ్చే ఇన్విటేషన్ కు నిజానికి అంతకంటె చానా ఎక్కువ కావాలె, 190కి 5 పాయింట్లు, 491కి 15 పాయింట్లు కలుస్తయి. జీలాంగ్ల ఉద్యోగం, ఇల్లు చూస్కోని 491 మీద మూడేండ్లు ఉండి పీఆర్ చేస్కున్నోళ్లు మా సోపతులల్ల ఇద్దరున్నరు, వారం వారం టార్నీట్ కు బిర్యానికి వస్తుండేటోళ్లు. సిడ్నీకి వొలంగాంగ్, న్యూకాజిల్ కూడ ఇట్లనే రీజనల్, కానీ న్యూకాజిల్ దూరం. ఇంకొకటి, NAATI (నాటి) అనే తర్జుమాల సంస్థ పెట్టే సీసీఎల్ అనే భాష పరీక్ష తెలుగుల కూడ రాయొచ్చు, పాసైతె 5 పాయింట్లు. మన మాట మనకు పాయింట్లు ఇస్తదంటె ఎందుకు వదులుకోవాలె, అయితే నల్లగొండ యాసల గాక టీవీ వార్తల తెలుగుల హాస్పిటల్, కోర్టు ముచ్చట్లు తర్జుమా చేసుడు ప్రాక్టీస్ చేయాలె.

చలి గురించి జర ఎక్కువ చెప్త, ఎందుకంటె దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనం 45 డిగ్రీల ఎండల పెరిగినోళ్లం, ఎండంటె భయం లేదు. సిడ్నీ పడమటి దిక్కు ఎండ మన రోహిణి కార్తె లెక్కనే, పెన్రిత్ల 2020 జనవరి 4న 48.9 వచ్చింది. మెల్బోర్న్ల కూడ ఎండాకాలం కొన్ని రోజులు 40 దాటుతది, సాయంత్రానికి దక్షిణ గాలి తిరిగితె గంటల ఇరవై డిగ్రీలు పడిపోతది, పొద్దుగాల బనియన్ తోటి పోయినోడు రాత్రి వణుక్కుంట వస్తడు. కానీ అసలు పరీక్ష జూన్, జూలై. సిడ్నీ చలికాలం పగలు 17 దాక ఉంటది, ఎండల నిలవడితే హాయి. మెల్బోర్న్ల పగలు 13, 14, రాత్రి 6, 7, మబ్బు, గాలి. మా మొదటి జూన్ల పొద్దుగాల కర్టెన్ జరిపితే కిటికీ అద్దానికి లోపలి దిక్కు నీళ్లు కారుతున్నయి, వేలు పెట్టి గీస్తె గీత వడ్తది, కింద చెక్క మీద నల్లగ బూజు. బిడ్డ బట్టలు మూడు రోజులైనా ఆరలే, హీటర్ ముంగట కుర్చీ మీద ఏసి ఆరబెట్టినం. బెడ్రూంల హీటర్ లేని ఇల్లు తీస్కున్నం తెలియక. విక్టోరియాల కిరాయి ఇంటికి హాల్ల అయినా ఫిక్సెడ్ హీటర్ ఉండాలని రూల్ ఉంది, ఇల్లు చూడ వోయినప్పుడు హీటర్ ఆన్ చేసి చూపించమని అడగండ్రి. వాన మాత్రం అందరూ అనుకున్నదానికి ఉల్టా, మెల్బోర్న్ల ఎప్పుడూ తుంపరే గానీ ఏడాది మొత్తం కలిపితె సిడ్నీల పడే వానల సగం కంటె కొంచెమే ఎక్కువ. ఆస్తమా ఉన్నోళ్లు మెల్బోర్న్ల అక్టోబర్ నుంచి డిసెంబర్ దాక ఇన్‌హేలర్ దగ్గర పెట్టుకోవాలె, 2016 నవంబర్ల గడ్డి పుప్పొడి, ఉరుములు కలిసి థండర్‌స్టార్మ్ ఆస్తమా వచ్చి పది మంది చనిపోయిండ్రు.

ఇల్లు కొనుడు ఇప్పుడే మీకు అవసరం లేకపోవచ్చు గానీ మూడు నాలుగేండ్లకు అందరం అక్కడికే వస్తం. సిడ్నీల ఇండ్ల మీడియన్ (నడిమి) ధర పద్నాలుగు లక్షల డాలర్లు దాటింది, మెల్బోర్న్ల పది లక్షల అటు ఇటు, టార్నీట్ దిక్కు ఇంకా తక్కువ. మొదటి ఇల్లు కొనేటోళ్లకు స్టాంప్ డ్యూటీ న్యూ సౌత్ వేల్స్ల 8 లక్షల దాక మాఫీ, విక్టోరియాల 6 లక్షల దాక. చూడనీకి సిడ్నీ ఎక్కువ మాఫీ చేసినట్టుంటది, కానీ 8 లక్షలకు సిడ్నీల ఇల్లు దొరుకుడు కష్టం, యూనిట్ దొరుకుతది. పిల్లలున్నోళ్లకు విక్టోరియాల 2023 నుంచి మూడు, నాలుగేండ్ల పిల్లలకు ఫ్రీ కిండర్ (కిండర్‌గార్టెన్ బడి) ఉంది, ఇది మా ఇంటికి ఆసరా అయింది. టెంపరరీ వీసా మీద వచ్చేటోళ్లు మాత్రం గవర్నమెంట్ స్కూల్ ఫీజు రెండు స్టేట్ల వేరువేరు రూల్స్ కాబట్టి ఇంటికాడ ఉన్నప్పుడే వాళ్ల సైట్లు చదవాలె.

హైదరాబాద్ నుంచి రెండు ఊర్లకూ నేరుగ ఫ్లైట్ లేదు, సింగపూర్, కౌలాలంపూర్ మీదికెల్లి పోవాలె, ఆ విషయంల తేడా లేదు. టైం కూడ రెండిట్లకు ఒక్కటే, మన కంటె నాలుగున్నర గంటలు ముందు, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాక ఐదున్నర. అమ్మోళ్లు రాత్రి తొమ్మిదికి అన్నం తిని ఫోన్ చేస్తె మనకు అర్ధరాత్రి దాటుతది, ముందే వాళ్లకు ఒక టైం చెప్పి పెట్టుండ్రి.

మా తమ్మునికి నేనేం చెప్పిన అంటె, నువ్వు సివిల్ ఇంజనీర్, మరదలు నర్సు, నాలుగేండ్ల పిల్ల, మీద ఇంటి లోన్, ఇంటికాడ చిన్నాయన మందుల ఖర్చు నీ మీదనే ఉంది, మెల్బోర్న్ రా. ఇదే నువ్వు పెండ్లి కాకుండ బ్యాంక్ సాఫ్ట్‌వేర్ల ఉంటె సిడ్నీ పో అనేటోన్ని. సిడ్నీల నీకు ముందే ఆఫర్ లెటర్ వస్తె కూడ సిడ్నీనే పో, చేతిల ఉన్న ఉద్యోగం ఇడిచి కిరాయి తక్కువని ఇంకో ఊరు పోవద్దు, కావాలంటె రెండేండ్లకు మారొచ్చు, రెండు ఊర్ల నడుమ గంటన్నర ఫ్లైటే, రోడ్డు మీద 880 కిలోమీటర్లు, నేను సామాను వ్యాన్ల ఏస్కోని హ్యూమ్ హైవే మీద ఒక్క రోజుల వచ్చిన.

ఏ ఊరైనా సరే దిగంగనే ఏడాది లీజ్ మీద సంతకం పెట్టొద్దు. నాలుగు వారాలు ఎవరింట్లనన్న రూం తీస్కోండ్రి, ఆ నాలుగు వారాలల్ల మీకు నచ్చిన కాలనీ నుంచి పని ఉండే దిక్కు పొద్దుగాల ఏడు గంటలకు ఒకసారి ట్రైన్ల పోయి చూడుండ్రి, రాత్రి తొమ్మిదికి స్టేషన్ నుంచి ఇంటికి నడిచి చూడుండ్రి. మా తమ్ముడు ఫిబ్రవరిల దిగుతుండు, ఎండాకాలం కాబట్టి చలి తెలియదు, నేను మాత్రం హీటర్ ఉన్న బెడ్రూం చూసి పెడ్త అన్న. రైస్ కుక్కర్, మిక్సీ మోయొద్దన్న, ఇక్కడ దొరుకుతయి, జొన్న పిండి కూడ దొరుకుతది. మంచి దుప్పటి ఒకటి, పిల్ల టీకాల కార్డు, మరదలు ఎక్స్‌పీరియన్స్ లెటర్లు ఒరిజినల్ వి చేతి సంచిల పెట్టుకోమన్న.